మొదటి పిలుపుకే పలకాలి

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, విశాఖపట్నంలో మా వీధి చివర కొత్తగా తెరిచిన పెద్ద కూరగాయల దుకాణానికి వెళ్లాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కొత్తిమీర కట్ట ఏరుకుంటుండగా, అక్కడ పనిచేసే మనిషి వెనకవైపున్న చల్లగది తలుపు తీశాడు. పాత చింతపండు, తడిసిన గోనె, గచ్చు మీద పేరుకున్న మంచు, ఈ మూడూ కలిసిన వాసన చల్లగా వచ్చి ముఖానికి తగిలింది. కొత్తిమీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే చాలు, ఎవరో పేరు పెట్టి పిలవబోతున్నారని నా ఒళ్లంతా చెవులవుతుంది. ఈ వయసులో కూడా. బిల్లు రాసే అమ్మాయి నా వాలకం చూసి "ఏమైంది మేడం, కళ్లు తిరుగుతున్నాయా" అని కుర్చీ తెచ్చి వేసింది. కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ నూకరత్నం గారే కళ్లముందు తిరిగారు.

మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. చోడవరం నుంచి వడ్డాది వెళ్లే దారిలో, చెరకు తోటల మధ్య ఒక కోల్డు స్టోరేజీ ఉండేది. దానికి ఆవిడ మేనేజరు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నేత చీరలో ఉండేవారు. ఎండాకాలంలో కూడా భుజాన ఉన్ని శాలువా ఒకటి ఉండేది. మాడుగుల మీదుగా ఏజెన్సీ కొండల చింతపండు లారీల్లో దిగే కాలం మా ఎండాకాలం. ఎండకి అది నల్లబడిపోకుండా వ్యాపారులు తెచ్చి ఆ చల్లగదుల్లో పెట్టుకుంటారు. దించాలి, తూచాలి, బస్తాలకి చీటీలు కుట్టాలి, గదుల్లో సర్దాలి. ఏడాది మొత్తంలో పని ఉండేది ఆ రెండు నెలలే. ఆ రెండు నెలలకే మనుషులు దొరకడం మానేశారు. నేను డిగ్రీలో ఉన్న ఏడాది సంగతి ఇది, తొంభైల నడిమి రోజులు.

మనుషులు ఎందుకు దొరకలేదో చెప్పాలంటే మా వైపు జాగ్రత్త ఒకటి చెప్పాలి. మిట్టమధ్యాహ్నం వేళ, మనిషి కనబడకుండా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. గాలి, అంటే దెయ్యమైతే, రెండుసార్లే పిలుస్తుందట. మూడోసారి పిలిస్తే అది మనిషి. అందుకని మూడో పిలుపు దాకా నోరు మెదపకూడదని పిల్లలకి మాటలు వచ్చే వయసులోనే నేర్పేస్తారు. పాపం, మధ్యాహ్నం పూట ఉత్తరాలు తెచ్చే పోస్టుమాను మా వీధిలో గుమ్మం గుమ్మం దగ్గరా మూడేసిసార్లు అరిచి గొంతు పోగొట్టుకునేవాడు. మేము దాన్ని భయం అనుకోలేదు. అన్నం తినేముందు చేతులు కడుక్కోవడం లాంటిది అనుకున్నాం.

ముందటి ఏడు ఎండల్లో ఆ కోల్డు స్టోరేజీ చివరి గదిలో గోవిందు అనే కుర్రాడి మీద బస్తాల దొంతి జారిపడింది. భోజనాల వేళ. అందరూ బయట వేపచెట్టు కింద ఉన్నారు. లోపల్నించి సన్నగా పిలుపు వినిపించింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండోసారి వినిపించింది. మూడోదాని కోసం ఆగారు. మూడోసారి పిలవడానికి అతనికి ఊపిరి లేదు. భోజనాలు ముగించి తలుపు తీసేసరికి అంతా అయిపోయింది. అప్పట్నించి చివరి గదిలోంచి పిలుపు వస్తోందని, పేర్లు పెట్టి పిలుస్తోందని కూలీలు చెప్పుకున్నారు. హమాలీలు మానేశారు. చింతపండు బాగుచేసే ఆడవాళ్లు మానేశారు. వడ్డాది నుంచి వచ్చే బస్సులు కూడా ఆ గేటు దగ్గర ఆగకుండా వెళ్లిపోయేవి.

ఇక మిగిలింది సెలవుల్లో ఖాళీగా ఉండే కాలేజీ పిల్లలు. యజమాని గారి అల్లుడు విశాఖలో ఉండే పెద్ద తెలివైనవాడు. చోడవరం గోడల మీదంతా "మండుటెండల్లో చల్లని ఉద్యోగం! విద్యార్థులకు మాత్రమే" అని ఎర్ర రంగుతో రాయించాడు. అది చూసే నేను వెళ్లాను. మా ఇంట్లో ఫ్యాను కూడా సరిగ్గా తిరిగేది కాదు. చల్లని ఉద్యోగమంటే ఎవరికి చేదు?

ఆఫీసు గదిలో నూకరత్నం గారు ఒక్కరే ఉన్నారు. గోడ వెనక యంత్రం రొద ఒకటే, మనిషి చప్పుడు లేదు. నన్ను పైనుంచి కిందకి చూసి, "గోడ మీద సదివి వచ్చేవా" అన్నారు. అవునన్నాను. "ఆ రాతకి సున్నం కొట్టించమని సెప్పేను. ఇంకా కొట్టలేదన్నమాట. సూడమ్మా, సల్లగా ఉంటాది, నిజమే. ఆ సల్లదనం మనిషికి కాదు, సింతపండుకి. లోపల ఎక్కువసేపు ఉంటే మత్తుగా నిద్దరొస్తాది. ఇంకోటి. సివరి గదిలోంచి పేరెట్టి పిలుస్తాది. విన్నావా ఆ సంగతి?"

విన్నానని తలూపాను. అబద్ధమని చెబుతారేమో, ధైర్యం చెబుతారేమో అని చూశాను.

"పిలుస్తాది. అబద్దం ఎందుకు సెప్పాలి. పిలిస్తే మొదటిసారికే పలకాలి. పలికి, ఎల్లి, తలుపు తీసి సూడాలి. ఎవరూ లేకపోతే తిరిగి వచ్చీ. ఈ ఒక్కటీ సెయ్యగలిగితే రేపట్నించి రా."

మా అమ్మ నేర్పినదానికి సరిగ్గా ఎదురు. ఇంటికి వచ్చి రాత్రంతా ఆలోచించి, మర్నాడు వెళ్లాను. ఎందుకు వెళ్లానని ఇప్పుడడిగితే, ఉన్న మాట ఉన్నట్టు చెప్పిన పెద్దమనిషిని నేను అదే మొదటిసారి చూడటం. అంతకుమించి కారణం లేదు.

పిల్లల్ని పోగుచెయ్యడానికి నన్నూ వెంట తీసుకెళ్లేవారు. కె.కోటపాడులో ఒక ట్యుటోరియల్ పాకలో ఇంటర్ పిల్లలు నిండుగా ఉన్నారు. అల్లుడు గారు పంపిన కాగితాలు పంచకుండా సంచిలోనే ఉంచి, ఆవిడ నిలబడి పని సంగతి చెప్పారు, జీతం చెప్పారు. తర్వాత పిలుపు సంగతి చెప్పారు. వెనక బల్ల మీంచి ఒకడు లేచి, "అంటే దెయ్యం ఉందన్నమాట, మేడం" అన్నాడు.

"దెయ్యమో ఏటో నాకు తెలీదు బాబూ. పిలుపైతే ఉంది. పలుకుతానన్నోళ్లే రండి. మూడోసారి దాకా ఆగే అలవాటున్నోళ్లు ఇంటికాడే ఉండండి. మీరు ఎలగొచ్చేరో అలగే మీ అమ్మలకి అప్పసెప్పాలి నేను. నాకు అదే ముఖ్యం."

సగం మంది తలలు దించుకున్నారు. ఇందాక లేచినవాడు మాత్రం లేని మీసం మెలేసి, "మేం పలుకుతాం మేడం, కావాలంటే దాంతో కబుర్లు కూడా సెప్తాం" అన్నాడు. వాడి పేరు పైడిరాజు. వాడి వెనక మరికొందరు చేతులెత్తారు. చల్లని ఉద్యోగం అని గోడల మీద రాస్తే నలుగురు కూడా రాలేదు గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పేసరికి పిల్లలు వచ్చారు. కొందరు పౌరుషానికి, కొందరు సరదాకి, కొందరు ఇంట్లో అవసరానికి. నాతోపాటు చదువుకునే రమణ కూడా వచ్చింది. దాన్ని పంపించడానికి వాళ్లమ్మ ఒప్పుకోకపోతే నూకరత్నం గారు స్వయంగా వాళ్లింటికి వెళ్లారు.

"ఆ గాలి కొంపకి మా గుంటని పంపనమ్మా. పెల్లీడు పిల్ల. ఏదైనా సోకితే నువ్వు వచ్చి సూస్తావేటి" అంది రమణ తల్లి.

"సూస్తాను. అందుకే మీ గుమ్మంలోకి వచ్చేను. నీ పిల్ల పేరు అది పిలిస్తే, పిల్లతో పాటు నేనూ ఎల్తాను లోపలికి."

ఆ మాట చెప్పిన తీరుకి రమణ తల్లి లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

పనిలో చేరాక మొదట్లో ఏ పిలుపూ లేదు. బస్తాలు ఎత్తుగా పేర్చనిచ్చేవారు కాదు ఆవిడ. మనిషి ఛాతీ దాటితే దింపించేవారు. లోపలికి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. లోపల మనిషి ఉండగా తలుపు గడియ పడకూడదు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేవారు. మేము "ఆఁ" అనాలి. చెయ్యెత్తితే చాలదు, నోటితో పలకాలి. కుర్రాళ్లు నవ్వుకుంటూ గొంతు మార్చి పలికేవారు. ఆవిడ నవ్వేవారు కాదు. పలికిన ప్రతివాడి ముఖంలోకీ ఒక క్షణం చూసి, తర్వాతి పేరు పిలిచేవారు.

ఒక మధ్యాహ్నం నేనూ రమణా వరండాలో బస్తాలకి చీటీలు కుడుతున్నాం. కరెంటు పోయింది. యంత్రం రొద ఆగిపోయేసరికి ఆ నిశ్శబ్దం చెవుల్లో పోటులా ఉంది. అప్పుడు వినిపించింది. "రమణా." గట్టిగా కాదు, దీనంగానూ కాదు. పక్కగదిలో ఉన్నవాళ్లు దబ్బనం అందివ్వమని పిలిచినట్టు మామూలుగా ఉంది. నా చేతిలో దబ్బనం జారిపోయింది. రమణ ముఖం తెల్లబడిపోయింది. అయినా "ఆఁ" అంది. నూకరత్నం గారు ఎప్పుడు లేచారో, మాట ఇచ్చినట్టే రమణ చెయ్యి పట్టుకుని చివరి గది తలుపు తీసి లోపలికి నడిచారు. బస్తాలు, చలి, చీకటి. ఎవరూ లేరు. ఇద్దరూ బయటికి వచ్చారు.

"ఎలగ ఉంది గొంతు?" అని ఆవిడ అడిగారు.

"కుర్రాడి గొంతు మేడం."

"నా పేరేమైనా అన్నాడా?"

లేదని తల అడ్డంగా ఊపింది రమణ. ఆవిడ శాలువా బిగించుకుని తన కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు. ఆ తర్వాత ఆ వేసవిలో ఎవరికి పిలుపు వచ్చినా ఆవిడ అడిగేది అదొక్కటే. నా పేరేమైనా అన్నాడా?

ఉండబట్టలేక ఒకరోజు నేనే అడిగేశాను, ఎందుకు అలా అడుగుతారని. ఆవిడ తూకం రాళ్లని ఒక్కొక్కటిగా గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు.

"ఆవేళ గోవిందు పిలిచింది నన్నేనమ్మా. మేడం గారూ అని కాదు. అక్కా అన్నాడు, నూకరత్నమక్కా అన్నాడు. ఎప్పుడూ అలగ పిలవలేదు నన్ను. నేను డిగ్రీ సదివేను. గాలీ దూలీ నమ్మనని అందరికీ సెప్పేదాన్ని. అయినా పలకలేదు. నా నోరు దానంతటదే మూసుకుపోయింది. మూడోసారికని ఆగేను." రాయి పక్కన పెట్టారు. "ఇప్పుడు అందరినీ పిలుస్తన్నాడు. నన్ను తప్ప. ఈ అక్క పలకదని తెలుసు కదా వాడికి. ఒక్కసారి పిలిస్తే సాలు. ఆ ఒక్కసారికే ఈ కుర్చీలో కూర్చున్నాను. లేకపోతే ఎప్పుడో మానేసి వడ్డాదిలో మా సెల్లెలి దగ్గరికి పోదును."

నాకు ఆవిడంటే భయమేసింది, జాలేసింది, ఆ రెండింటికన్నా ఎక్కువగా ఆవిడని వదిలి వెళ్లకూడదనిపించింది.

వైశాఖంలో ఎండలు మరీ ముదిరాయి. ఏజెన్సీ నుంచి పెద్ద లారీ వచ్చింది. భోజనాలు కాగానే పిల్లలందరూ గేటు దగ్గరికి వెళ్లారు. ఆవిడ కాటా దగ్గర నిలబడ్డారు. చివరి గది అప్పటికే నిండిపోయింది, దాన్ని ఇక మర్నాటి దాకా తెరిచే పని లేదు. నేను మంచినీళ్ల కుండ దగ్గర ఉన్నాను, రమణ నా పక్కనే ఉంది. వెనక నుంచి వినిపించింది. "సత్యవతీ."

కాలేజీ రిజిస్టరులో తప్ప నా పూర్తి పేరు పలికేవాళ్లు లేరు. కోల్డు స్టోరేజీలో అందరికీ నేను సత్యనే. రమణ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పలక్కే, ఈసారికి పలక్కు, మేడం కూడా దగ్గిర లేరు" అంది. దాని కళ్లల్లో నీళ్లు. నాకు ఒక్క నూకరత్నం గారి ముఖమే గుర్తొచ్చింది. తడారిపోయిన నోటితోనే "ఆఁ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇద్దరం వెళ్లి గడియ తీశాం.

పైడిరాజు బస్తాల వెనక గచ్చు మీద పడి ఉన్నాడు. ఎండకి తాళలేక, ఎవరికీ చెప్పకుండా లోపలికి దూరి, చెమట చొక్కా విప్పేసి, బస్తాల మీద పడుకుని నిద్రపోయాడట. నిద్రలో దొర్లి కిందపడితే తల పగిలింది. అది తెలియక ఎవరో వచ్చి గడియ వేసుకుపోయారు. వాడి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. మేము అరిచిన అరుపుకి అందరూ పరుగెత్తుకొచ్చారు. నూకరత్నం గారు తన శాలువాలో వాడిని చుట్టి, లారీ క్యాబిన్‌లో ఒళ్లో పెట్టుకుని చోడవరం ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారి పొడుగునా వాడి పేరు పిలుస్తూనే ఉన్నారట. ఆసుపత్రి గేటు దగ్గర వాడు "ఆఁ" అన్నాడట.

వాడు బతికాడు. మాటలు తిన్నగా వచ్చాక నేను అడిగాను, నన్ను ఎప్పుడు పిలిచావని. వాడు వెర్రిముఖం వేశాడు. "నేనెప్పుడు పిలిచేను? పడ్డాక నాకేటీ గుర్తునేదు. అయినా నీ పేరు సత్యవతా?" అన్నాడు. ఆవిడ అక్కడే మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. నేను ఆవిడ వైపు చూశాను.

"ఎవరు పిలిచేరని ఎతకొద్దమ్మా. పలికేవు కదా" అన్నారు. ఆ మాట నాతో అన్నారా, తనతో తాను అన్నారా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ సాయంత్రం కోల్డు స్టోరేజీ నుంచి మేమందరం ఇళ్లకి వెళ్లిపోయాక ఆవిడ చివరి గదిలోకి వెళ్లారని, "గోవిందూ, వచ్చేను బాబూ" అంటూ చాలాసేపు నిలబడ్డారని కాపలా మనిషి చెప్పాడు. ఆ తర్వాత ఆ గదిలోంచి పిలుపు మళ్లీ ఎవరికీ వినబడలేదు. ఊరంతా పీడ విరగడైందని సంతోషించింది. మరుసటి ఏడాది హమాలీలు తిరిగొచ్చారు, ఆడవాళ్లు తిరిగొచ్చారు, విద్యార్థులతో అవసరం లేకపోయింది. నూకరత్నం గారొక్కరే ఏదో పోగొట్టుకున్నట్టు అయిపోయారు. ఏళ్ల తరబడి ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ కోల్డు స్టోరేజీ మూతపడ్డాక వడ్డాది వెళ్లిపోయారు.

నాకు విశాఖలో ఉద్యోగం వచ్చింది. ఒక పెద్ద బట్టల దుకాణంలో పండగలకీ పెళ్లిళ్లకీ తాత్కాలికంగా పిల్లల్ని చేర్చుకునే బాధ్యత నాది. వచ్చిన పిల్లలకి ముందు చెడ్డ సంగతులు చెబుతాను. రోజంతా నిలబడాలి, కాళ్లు వాస్తాయి, కొనడానికి వచ్చినవాళ్లు విసుక్కుంటారు. మా యజమానికి ఇది నచ్చదు. అయినా నా దగ్గర చేరిన పిల్లలు మధ్యలో మానెయ్యరు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఆయన ఎప్పుడూ అడగలేదు.

చివరిసారి ఆవిడని వడ్డాదిలో చూశాను. ఎండాకాలమే. చెల్లెలు వడ్డిస్తుంటే ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. ఆవిడ బాగా చిక్కిపోయారు, చూపు ఆనడం లేదు. పాత కబుర్లేవీ రాలేదు, వంకాయ కూర గురించీ నా పిల్లల చదువుల గురించీ మాట్లాడుకున్నాం. ముద్ద కలుపుతున్న ఆవిడ ఉన్నట్టుండి ఆగిపోయారు. తల ఎత్తారు. "ఆఁ, వస్తన్నాను" అని ఎంగిలి చేత్తోనే లేచారు.

"ఎవరూ పిలవలేదక్కా, కూకో" అంది చెల్లెలు.

నాకూ ఏమీ వినబడలేదు. ఆవిడ చెల్లెలి మాట పట్టించుకోలేదు. గోడ పట్టుకుని పెరటి గుమ్మం దాకా నడిచి, బయట తెల్లటి ఎండలోకి చూస్తూ నిలబడ్డారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆవిడ ముఖం అంత తేటగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఏమని పిలిచారని అడగబోయి మానుకున్నాను. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయారు.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. ముందుగదిలోంచి ఎవరో నన్ను పిలిచారు. భయం వేసింది, ఎందుకు దాచాలి. "ఆఁ" అన్నాను. పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, ఇల్లంతా గది గదీ తిరిగి చూసి వచ్చాను.